బావ కోసం కొన్న బొమ్మ సిగ్నల్

ఆగస్టు నెల, మూడో ఆదివారం, సాయంత్రం. స్థలం: యూనివర్సిటీలో మా డిపార్ట్‌మెంటు వరండా. హాజరైనవారు: బావ, అక్క, తార్నాక ఇంజన్ సేటు, వాచ్‌మన్ తాత, నేను.

నా డైరీలో ఏ రోజైనా ఇలాగే మొదలవుతుంది. ముందు తేదీ, తరువాత హాజరు. పెళ్ళిచూపుల రోజున కూడా ఇలాగే రాసుకున్నానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది (ఆ హాజరులో ఆమె పేరు చివరన పడింది, అదీ అసలు కోపం).

ఆ రోజుల్లో ఒక వస్తువు కావాలంటే దానికోసం మనిషి కాళ్ళరిగేలా తిరగాల్సి వచ్చేది. మొన్న మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో కింది ఫ్లాటు కుర్రవాడు, "తార్నాక దగ్గర్లో మంచి మోడల్ ట్రైన్ షాపు ఎవరికైనా తెలుసా? కొనడానికీ, రిపేరుకీ" అని అడిగాడు. నిమిషంలో ఎవరో లింకు పంపారు, ఇతను బొటనవేలు చూపించాడు, పని అయిపోయింది. అదే ప్రశ్న పట్టుకుని నేను ఒకప్పుడు వారాల తరబడి తిరిగాను. అందుకే ఫోను పక్కన పెట్టి ఊరికే కూర్చుండిపోయాను.

అప్పుడు నేను యూనివర్సిటీలో కొత్తగా చేరిన గుమస్తాను. ఉండటం మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో అక్కా బావల దగ్గర. బావ రైలు డ్రైవరు. డ్రైవర్లకు కొన్నేళ్ళకొకసారి రైల్వే ఆసుపత్రిలో కంటి పరీక్ష ఉంటుంది. అందులో తప్పితే ఇంజను దిగిపోవాల్సిందే. రోడ్డున పడెయ్యరు, ఏదో ఒక ఆఫీసులో కుర్చీ చూపిస్తారు. కానీ బావకు ఆ మాటే గిట్టేది కాదు. "కుర్చీల కూసునుడు కూడ ఒక నౌకరేనా బామ్మర్దీ?" అనేవాడు, అచ్చంగా కుర్చీలో కూర్చునే నౌకరీ చేస్తున్న నాతోనే.

ఆ ఏడాది పరీక్ష దగ్గరపడుతుంటే ఇంట్లో అందరికీ ఒకటే దిగులు. బావకు చూపు మసకబారుతోందని ఎవరూ పైకి అనలేదు గాని, ఆయన గ్లాసు పక్కన చాయ్ పోసుకోవడం అందరం చూశాం. కంటికి మంచిదని అక్క పొన్నగంటి కూర మొదలుపెట్టింది. పొన్నగంటి పప్పు, పొన్నగంటి వేపుడు, ఆఖరికి పొన్నగంటి పచ్చడి. మొదటి నుంచీ చూపు బాగున్న నాకు ఇంకా బాగా కనబడసాగింది, బావకు మాత్రం ఏ మార్పూ లేదు. అప్పుడు నేనొక సిద్ధాంతం లేవదీశాను. టైపు పరీక్షకు రోజూ సాధన చేసి ప్యాసైనవాణ్ణి కదా, కంటికి కూడా సాధన చేయిస్తే సరిపోతుందన్నాను. ఎక్కడో దూరాన ఉన్న సిగ్నల్ ఎంత చిన్నగా కనిపిస్తుందో, వరండా చివర పెట్టిన బొమ్మ సిగ్నల్ కూడా అంతే కనిపిస్తుంది. రోజూ దాన్ని చూసి రంగు చెబితే కన్ను దారికి రాదా? (నవ్వకండి. అప్పటికి నాకు మీసాలు కూడా సరిగ్గా రాలేదు.) బావ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "గట్లనే చేద్దాం" అన్నాడు. ఆ ఒప్పుకోవడంలో అంత తొందర ఎందుకో నాకు అప్పుడు తట్టలేదు.

ఇక బొమ్మ సిగ్నల్ వేట. సీతాఫల్‌మండిలో రేడియో మెకానిక్ దగ్గరికి వెళితే, "పాట పాడేదైతే చెప్పు, చేస్త. గీ కూత పెట్టేటియి నాకు రావు" అని విద్యానగర్ గడియారాలాయన దగ్గరికి పంపాడు. గడియారాలాయన భూతద్దం కంటికి పెట్టుకునే, "రైలా? టైముకు రాని వస్తువులు మేం ముట్టం" అన్నాడు. బొమ్మల దుకాణంలో తాళం తిప్పితే నడిచే రేకు రైళ్ళు మాత్రం ఉన్నాయి. పాడైతే ఎలా అని అడిగితే, "పిల్లలు ఏడుస్తరు, ఇంకోటి కొంటరు" అన్నాడు యజమాని. ఆఖరికి తార్నాకలో ఒక గల్లీ, ఆ గల్లీలో ఒక పిండి గిర్నీ, దాని మీద ఒక గది. లోపల గోడ చుట్టూ బల్లలు, బల్లల నిండా పట్టాలు, పట్టాల మీద అరచేయంత రైళ్ళు. అన్నిటి మీదా పలుచగా గోధుమ పిండి. మధ్యలో స్టూలు మీద ఇంజన్ సేటు.

"బొమ్మ ఎవరికి సార్?"

"మా బావకు."

"ఎన్నేండ్ల పోరడు?"

"నలభై దాటాయి."

సేటు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "పెండ్లయిందా?"

"అయింది, మా అక్కతోనే."

"అట్లయితే పర్వాలేదు. పెండ్లయినోడు జర పైలంగ ఆడుకుంటడు. ఏ ఇంజన్ ఇయ్యమంటవ్?"

"ఇంజను వద్దు. సిగ్నల్ ఒక్కటే కావాలి."

"రైలు లేంది ఉత్త సిగ్నల్ ఏం జేసుకుంటడయ్యా?"

"రైలు ఆయన దగ్గరుంది."

"ఎంతది?"

"నిజం రైలు. పెట్టెలన్నీ కలిపితే ఇక్కడి నుంచి మెయిన్ రోడ్డు దాకా ఉంటుంది."

సేటు పగలబడి నవ్వి సిగ్నల్ ఇచ్చాడు. జానెడు స్తంభం, దానికి మూడు దీపాలు, కింద మూడు బొత్తాలు. అచ్చం బావ దారిలో ఉండే సిగ్నల్ లాగే పచ్చది పైన, పసుపుది మధ్యన, ఎర్రది కింద.

హెడ్డుగారిని అడిగి ఆదివారాలు మా డిపార్ట్‌మెంటు వరండా వాడుకున్నాం. క్యాంపస్‌లో అంత పొడుగు వరండా ఇంకోటి లేదు. ఒక చివర సిగ్నల్, నేను. ఇంకో చివర బావ, పక్కన టిఫిన్ డబ్బాతో అక్క. మొదటి రోజే వాచ్‌మన్ తాత వచ్చి, "ఏంది సార్, గీడికి రైలేస్తున్నరా? మా ఊరికి గూడ ఒకటి ఎయ్యుండ్రి, బస్సుల నిలవడలేక సస్తున్నం" అన్నాడు. నేను బొత్తాం నొక్కేవాణ్ణి. అటు నుంచి బావ గొంతు వరండా అంతా మోగేది. "గ్రీన్! ... డేంజర్! ... ఎల్లో!" (రైలువాళ్ళ భాషలో డేంజర్ అంటే ఎరుపు.) ఒక్కటి తప్పితే ఒట్టు. అక్క మొహం విప్పారింది. నా సిద్ధాంతాన్ని పత్రికలకు రాసి పంపాలా అని కూడా ఆలోచించాను.

పరీక్షకు కొద్ది రోజుల ముందు పై దీపం కాలిపోయింది. సేటుకు ఇచ్చాను. "ఆదివారం నేనే పట్టుకొస్త. గా పెద్ద పోరన్ని ఒక్కసారి సూడాలె" అన్నాడు. మాటకు కట్టుబడి వచ్చాడు. పరీక్ష ఆ మర్నాడే. సిగ్నల్‌కు కొత్త రంగు కూడా వేసి తెచ్చాడు, నిగనిగలాడుతోంది. నేను ఎప్పటిలా నేల మీద పెట్టి పై బొత్తాం నొక్కాను.

పైన ఎర్రగా వెలిగింది.

"గ్రీన్! పోవచ్చు!" అన్నాడు బావ.

నా పక్కనున్న వాచ్‌మన్ తాత పడీపడీ నవ్వాడు. "ఓ డ్రైవర్ సాబ్, గది ఎర్రగ మండుతున్నది! జనాన్నంత సంపుతవా ఏంది?" అక్క కూడా నవ్వింది, పరాచికం అనుకుని. నాకు ఏమీ అర్థంకాక కింది బొత్తాం నొక్కాను. కింద పచ్చగా వెలిగింది.

"డేంజర్!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. సేటు ఒక్కడే నా చెవి దగ్గర సంబరంగా చెబుతున్నాడు. "నేనే మార్చిన సార్. మొదలు తప్పుగుండె. తార్నాక చౌరస్తల సూడు, ఎర్రది మీద, పచ్చది కింద. గట్ల సరి జేసిన." రోడ్డు సిగ్నల్ వేరు, రైలు సిగ్నల్ వేరు అని ఆయనకు చెప్పాలనుకుని ఆగిపోయాను. బావ ఇన్ని ఆదివారాలూ రంగు చూసి చెప్పలేదు. పై దీపం వెలిగితే పచ్చ, కింది దీపం వెలిగితే ఎరుపు. చోటు చూసి చెప్పాడు.

బావకూ అర్థమైంది. వరండా పొడుగునా మెల్లగా నడుచుకుంటూ వచ్చాడు, వెనకాలే అక్క. మోకాళ్ళ మీద కూర్చుని, వెలుగుతున్న దీపానికి మొహం ఆనించినంత దగ్గరగా పెట్టాడు.

"ఏం రంగే ఇది?" అని అడిగాడు అక్కను.

"పచ్చది."

"నాకు అన్నీ ఒక్కటే తీరు. బూడిద లెక్క."

"మరి ఇంజన్ల ఎట్లయ్యా?"

"అసిస్టెంటు పిల్లగాడు రంగు పిలుస్తడు గదా. వాడు పిల్చినంక నేను పిలుస్త. శాన దినాల సంది వాని కండ్లతోటే నడుపుతున్న."

"వానికి ఒక్కనాడు కన్నంటుకుంటే?"

సేటుకు సగమే అర్థమైనట్టుంది. తనవల్ల ఏదో జరిగిందని గాభరాపడి, జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. "మళ్ళ పచ్చది మీద పెట్టియ్యనా అన్నా? రెండు నిమిషాల పని." ఆ మాటలోని మంచితనం చూసి నాకు దుఃఖం వచ్చింది. బావ ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, "ఒద్దు సేటూ. మంచిగనే చేసినవ్" అన్నాడు. వాచ్‌మన్ తాత వెళ్ళి మంచినీళ్ళు తెచ్చాడు.

మర్నాడు పొద్దున ఆసుపత్రికి బావతో నేనూ వెళ్ళాను. ఓదార్చడానికి ఏమేం చెప్పాలో వరసగా అనుకుంటూ బయట బెంచీ మీద కూర్చున్నాను. లోపల చీకటి గది. అక్కడ పైనా కిందా ఉండవు, ఒక్కటే దీపం, దానికే రంగులు మారుస్తారు. ఊహించి చెప్పినా ఒకటో రెండో తగిలేవేమో. (ఈమధ్య కంటి డాక్టరు గోడ మీది అక్షరాలు చదవమంటే, కనబడని చివరి వరసను నేను ఎంత ధైర్యంగా చదివేశానో నాకే తెలుసు. తప్పితే పోగొట్టుకోవడానికి నా దగ్గర ఇంజను కూడా లేదు.)

"ఇదేం రంగు?" అన్న డాక్టరు గొంతు వినిపించింది.

"తెల్వదు సార్!"

"ఇది?"

"తెల్వదు సార్!"

గొణగలేదు. ఇంజను మీద సిగ్నల్ పిలిచే గొంతుతోనే, అంత గట్టిగా, తడుముకోకుండా. "తొందర లేదు, మళ్ళీ చూడండి" అన్నాడు డాక్టరు. మళ్ళీ అదే జవాబు. నా పక్కన తమ వంతు కోసం కూర్చున్న కుర్ర డ్రైవర్లు తలుపు వైపు తిరిగారు.

బావ బయటికి వచ్చి, వెలుతురుకు కళ్ళు చికిలించి నన్ను వెతుక్కున్నాడు. నేను లేచి నిలబడ్డాను. "చాయ్ తాగుదామా బావా?" అన్నాను.

"తాగుదాం పా. ఇంక డ్యూటీకి ఉరుకుడు లేదు గదా" అని నవ్వాడు.

గేటు బయట ఇద్దరం రెండేసి చాయ్‌లు తాగాం. నాకు మొదటిదే సహించలేదు. రెండోది తెమ్మని ఇరానీ హోటల్ కుర్రాణ్ణి పిలిచింది మాత్రం నేనే. ఆ పూట ఆయన్ను ఇంటికి ఎలా తీసుకెళ్ళాలో తెలియక, చాయ్ మీద చాయ్ చెబుతూ కూర్చున్న ఆ మీసాలు రాని గుమస్తాను తలుచుకుంటే, ఇప్పుడు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని మూడోది నేనే ఇప్పించాలనిపిస్తుంది.