క్యాంపుల గుంజుకున్న ఫోన్

మా వాడల ఎవలికి పాణం మీదికొచ్చినా ముందు నాకే ఫోన్ చేస్తరు. అంబులెన్సుకైనా, ఆక్సిజన్ సిలిండర్‌కైనా, ఆఖరికి శవం బండికైనా నాకే. కౌన్సిలర్‌ను గాకముందు నుంచే గంతే. తాండూరుల నాపరాళ్లు పాలిష్ పట్టేటోళ్ల వాడ మాది. రాయిపొడి మింగి మింగి మొగోళ్లు నడీడుల్నే దగ్గుకుంట పోతుండ్రు. నేను బొంరాస్‌పేట దిక్కు గొర్లు కాసేటోళ్ల బిడ్డను. చదువు అంతంతే గాని నోరు మస్తున్నది. దవాఖానల ఎవలు పలకకపోతే ఆడ్నే నిలబడి లొల్లి పెడ్త. గా లొల్లి చూసే నన్ను గెలిపిచ్చిండ్రు.

నా మొగుడు గూడ పాలిష్ మిషన్ మీద చేసినోడే. పని బందై, సిలిండర్ పెట్టుకోని మంచంల పడ్డడు. అయినా ఎక్కిరిచ్చుడు మానలే. "చైర్మన్ మేడం, జర చాయ్ పోస్తరా?" అనెటోడు. చైర్మన్ సీటు ఈసారి ఆడోళ్లకు వచ్చిందని తెలిసినకాడికెళ్లి నాకన్నా ఆయనకే ఆశ ఎక్కువ. "నువ్వు గా కుర్చీల కూసుంటే గీ పొడి మన ఇండ్ల పక్కన పొయ్యనియ్యవు. నాకు గదొక్కటే గావాలె" అన్నడొకనాడు, దగ్గు ఆపుకుంట. అందుకే నిలబడ్డ.

చైర్మన్‌ను జనం ఎన్నుకోరు. కౌన్సిలర్లమే చేతులెత్తి ఎన్నుకుంటం. మా దిక్కు ఒక్క చెయ్యే ఎక్కువున్నది. ఎవలన్న గుంజుకపోతరని మా పార్టీ పెద్దమనిషి మమ్ముల బస్సెక్కిచ్చి అనంతగిరి గుట్ట మీద రిసార్టుల క్యాంపు పెట్టిండు. ఇంట్లకెళ్లి బయలెల్లేటప్పుడు పక్కింటి చెల్లెకు ఆయన్ను అప్పజెప్పిన. "సిలిండర్ ఒడిసేటట్టుంటే ఫోన్ చెయ్యి, నేను పంపిస్త" అని చెప్పిన. బస్సెక్కినంక అందరి ఫోన్లు సంచిల ఏసుకున్నడా పెద్దమనిషి.

"అన్నా, ఇంట్ల మనిషి పరిస్థితి నీకెరికే గద. నాదొక్కటి ఉండనియ్యి" అన్న.

"ఫికర్ చెయ్యకక్కా. మీ ఇంటికి నా నంబర్ ఇస్త. ఏదున్నా నేను చెప్త గద" అన్నడు. వాని నోట్ల మన్నువడ, నమ్మిన.

ఆడ అందరు బిర్యానీలు తినుకుంట పత్తాలాడుతుండ్రి. నేను పెద్దమనిషి ఎన్కనే తిరిగిన. ఎన్నిసార్లడిగినా "అంత మంచిగనే ఉన్నదక్కా" అన్నడు.

ఓటింగ్ నాడు బస్సు సీదా మున్సిపాలిటీ ఆఫీసు ముంగట ఆపిండ్రు. నా పేరు పిలిచినప్పుడు నా చెయ్యి నేనే ఎత్తుకున్న. గా ఒక్క చెయ్యితోనే గెల్సిన. దండలేసిండ్రు, పటాకులు కాల్చిండ్రు. గప్పుడొచ్చి పెద్దమనిషి ఫోన్ నా చేతుల పెట్టిండు. నా మొకం దిక్కు చూస్తలేడు.

"పొద్దుగాలనే పోయిండటక్కా. తాండూరుకెళ్లి మనోళ్లు నాకు ఫోన్ చేసి చెప్పిండ్రు. చెప్తే నువ్వు ఉరుకుతవని..."

వాని కాలర్ దొరకవట్టిన. "నా చెయ్యి గావాల్నారా నీకు! నా మొగుడు ఏమైనా ఫరక్ లేదా!" అని ఒర్రిన. అందరు నన్నే చూస్తుండ్రు. దండ తెంపి వాని మొకం మీద కొట్టిన. ఏం లాభం?

ఇంటికి పోయేసరికి వాడంత మా వాకిట్లనే ఉన్నది. పక్కింటి చెల్లె వచ్చి నా మీద వడి ఏడ్చింది. తెల్లారంగ సిలిండర్ ఒడిసిందట. పెద్దమనిషి నంబర్ వాళ్లకు ఎవలూ ఇయ్యలే. నా ఫోన్‌కే చేసిండ్రట. సంచిల అది మోగుతనే ఉన్నదట.

"నేను ఎత్తకపోతే అంబులెన్సుకు చెయ్యొద్దానే?" అని మీద వడ్డ. కోపమంత ఆ పిల్ల మీదికే పోయింది.

"చేస్తననే అంటినక్కా" అన్నదది, ఎక్కిళ్లు పెట్టుకుంట. "బావనే నా చెయ్యి పట్టుకోని ఆపిండు. 'ఇంకోసారి ఆమెకే చెయ్యి. ఊరోళ్లందరియి ఎత్తుతది, నాది ఎత్తదా' అన్నడు."