పుంజునిచ్చి కొన్న సీటు

మీసం మొలవకముందే దాన్ని దువ్వుకునే వయసొకటి ఉంటుంది చూడండి, ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో లేదు. ఏడో తరగతితోనే బడికీ నాకూ రుణం తీరిపోయింది (ఆ సాయంత్రం మాస్టారు మిఠాయి పంచారంటారు, నేను నమ్మను). శబరి నది ఒడ్డున కొంటాలో మా మామ పంక్చర్ల దుకాణంలో టైర్లు విప్పేవాణ్ణి. నా ఆస్తల్లా ఒక డేగ పుంజు. సంతలో పందెం గెలిచి, మా ఆచారం ప్రకారం ఓడిన పుంజును మా ఇంటి కూరకు తెచ్చిపెట్టేది. అలాంటిదాన్ని, విశాఖలో జరిగే అంతర్జాతీయ క్రికెట్ మ్యాచ్ టికెట్ కోసం ఒక లారీ డ్రైవరు చేతిలో పెట్టేశాను.

మామ మండిపడ్డాడు. "గడ్డిల ఉరికేటోళ్ళను చూడనీకి పుంజునిస్తవారా? పో! గది పుంజంత చెయ్యకపోతే మళ్ళ నా దుకాణమెక్కకు."

సంతలో బరి పక్కన ముందొచ్చినవాడిదే చోటు. అందుకని తెల్లారేసరికే స్టేడియం గేటు ముందు తువ్వాల పరిచి కూర్చున్నాను. కాపలా ఆయన తెగ నవ్వాడు. "ఏటి బాబూ, మ్యాచ్ మజ్జాన్నం కదేటి? నీ సీటు నెంబరు టికెట్టు మీదే ఉంది. అదెక్కడికీ పారిపోదులే!" నేను లేకపోయినా నా కుర్చీ నాకోసం ఖాళీగా ఉంటుందా? అప్పుడే నోరు తెరిచాను, సాయంత్రం దాకా మూయలేదు.

తీరా చూస్తే ఆ కుర్చీ కప్పుకి ఆనుకుని ఉంది. అక్కణ్ణుంచి ఆటగాళ్ళు మేం పచ్చడి నూరుకునే ఎర్రచీమలంత ఉన్నారు. దీనికా నా పుంజు! మామా, దుకాణమూ రెండూ పోయినట్టే అనుకుంటుండగా ఎవరో బంతిని లేపి కొట్టారు. అది పైకి, ఇంకా పైకి, నా కళ్ళ ఎత్తుకి వచ్చి ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. కింద వేల తలలు గాలికి వరిచేను లేచినట్టు ఒక్కసారిగా పైకి లేచాయి. ఆ తర్వాత లేచిన హోరు చెవులకు కాదు, కాంక్రీటులోంచి నా అరికాళ్ళకు వినిపించింది. పక్కనున్న ముసలాయన ఎవరో నన్ను వాటేసుకున్నాడు. నేనెందుకు ఏడుస్తున్నానో ఆయనా అడగలేదు.

తిరిగొస్తే మామ టైరు మీంచి తలెత్తలేదు. "గెలిచినోళ్ళు ఓడినోళ్ళ దగ్గర ఏం తీసుకున్నరు?"

"ఏం తీస్కోలే మామా. చేతులు కలిపిండ్రు."

"ఉత్తగనే?"

"ఉత్తగనే."

మామ చేతిలోని రాడ్డు కింద పెట్టాడు. "ఏందిరా ఇది! ఇంకేమైంది?"

బంతి సంగతి చెప్పాను. రెండు లారీలు ఆగి హారన్లు కొడుతున్నా, "ఆ బంతి లేసింది మళ్ళొకసారి చెప్పు" అన్నాడు. చెప్పాక, ఆ రాడ్డు నా చేతికిచ్చాడు.

ఇప్పుడు ఫోనులో ఆటగాడి ముక్కు మీది చెమట కూడా కనిపిస్తుంది. అంత ఖరీదు పెట్టి స్టేడియానికి పోవాలా అని దుకాణానికి వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. నేను బంతి కథ మొదలుపెడతాను. మామ ఉన్నన్నాళ్ళూ అడిగి మరీ చెప్పించుకున్నాడు. చెప్పిన ప్రతిసారీ అది ఇంకాస్త ఎత్తుకి పోయేది, తెలిసీ ఆయన ఏనాడూ కిందికి దించలేదు. ఇప్పుడది శబరి దాటి అవతలి ఒడ్డున పడుతోంది. మీసం రాని ఆ వెధవ మాత్రం ఇంకా మెడ ఎత్తి, నోరు తెరిచి అక్కడే నిలబడి ఉన్నాడు.