ఒకటో వరుసలో కూర్చోని మనిషి

చనిపోవడానికి ముందురోజు యెవ్దోకిమ్ సావిచ్ చేసిన ఆఖరి పని, వచ్చే నెల ఎక్కాల్సిన విమానంలో సీటు బాగాలేదని విమాన కంపెనీవాళ్లతో ఫోన్‌లో దెబ్బలాడటం. "ఎక్కాక చెప్పడానికి నాకు ఓపిక ఉండకపోవచ్చు, ఇప్పుడే రాసుకోండి" అన్నాడు. రాసుకున్నామని వాళ్లచేత అనిపించి, టీ తాగి పడుకున్నాడు.

రష్యా తూర్పు కొసన ఉన్న మగదాన్‌లో ఆయనకన్నా మంచి డీజిల్ మెకానిక్ లేడు. ఆయనకన్నా చెడ్డ విమాన ప్రయాణికుడూ లేడు. బంగారు గనుల్లో నలభై ఏళ్లు బుల్డోజర్ల కింద దూరి పనిచేసి మోకాళ్లు రెండూ అరగదీసుకున్నాడు. ఏటా మాస్కో వెళ్లి చూపించుకోవాలి. ఎనిమిది గంటల ప్రయాణం. కాళ్లు ముడుచుకుని కూర్చుంటే ఇక నడక ఉండదని డాక్టరమ్మ ఖరాఖండిగా చెప్పింది. అందుకని లైబ్రరీలో పనిచేసే తమ్ముడి కూతురు ఉల్యానా, ఎలాగోలా ఆయనకి బిజినెస్ క్లాసులో ఒకటో వరుస, తనకి వెనకాల మామూలు సీటు తీసేది. పెదనాన్న తన కాళ్లమీద తను నడవాలి. ఆమెకి కావలసింది అంతే.

బయల్దేరేముందు ఇద్దరూ పెట్టెల మీద ఒక నిమిషం మౌనంగా కూర్చునేవారు. ప్రయాణం సజావుగా సాగాలని అక్కడ అందరూ చేసేదే. ఆయన ఆ నిమిషం కూడా ఆగేవాడు కాదు.

"ఈ పెట్టె నయం. వెన్ను నిటారుగా ఉంటుంది. వాళ్ల సీటు సీటా? గేదె పడుకునే గుంట."

"మాట్లాడకూడదు పెదనాన్నా."

"పెట్టెతో అంటున్నా. నీతో కాదు."

విమానంలో ఆయనకి ఎదురుపడేది ఎప్పుడూ కాపిటొలీనాయే. ఆ దారిలో పాతికేళ్లుగా తిరుగుతున్న, నవ్వని ఎయిర్ హోస్టెస్. బిజినెస్ క్లాసు తెర అవతలి గొడవ వెనక వరుసలదాకా వినబడేది.

"వేడి తువ్వాలెందుకు? నేనేమన్నా కాన్పుకొచ్చానా?"

"ముఖం తుడుచుకోడానికండీ."

"ఇంట్లో కడుక్కునే వచ్చాను. ఈ కప్పేమిటి, పిచ్చుకలకి నీళ్లుపోసే చిప్పలాగా? రైల్లోనే నయం, టీ ఇనుప పిడి గ్లాసులో ఇస్తారు. నేనిక్కడ ఉండను. నన్ను మనుషుల మధ్య కూర్చోబెట్టు."

"మళ్లీనా, యెవ్దోకిమ్ సావిచ్ గారూ?"

"మళ్లీనే."

కాసేపటికి తెర తీసుకుని, ఇంటినుంచి రేకు కాగితంలో చుట్టి తెచ్చుకున్న కాల్చిన కోడిని చంకలో పెట్టుకుని, కుంటుకుంటూ వచ్చేవాడు. టాయ్‌లెట్ పక్కన చివరి సీటులో మోకాళ్లు గడ్డానికి ఆనించి కూర్చునేవాడు. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు వెనకనుంచి ముందుకి వెళ్లేవారు. కోపంతో ఉడికిపోతున్న ఉల్యానా వాళ్లని చూసిందే లేదు.

"గెంటేశారా?"

"నాకే నచ్చలేదు. కోడి తింటావా?"

నచ్చకపోవడమేమిటి? టికెట్టు ఆయనది, సీటు ఆయనది, అరిగినవి ఆయన మోకాళ్లు. ముసలాయన నాలుగు మాటలన్నాడని ఎనిమిది గంటలు మూలన పడేస్తారా? ఉల్యానా మాస్కోలో దిగగానే ఫిర్యాదుల పుస్తకం అడిగి పుచ్చుకుని, కాపిటొలీనా పేరు కింద గీత గీసి మరీ రెండు పేజీలు నింపేది. "చర్యలు తీసుకున్నాం" అని ఏటా జవాబొచ్చేది. ఐదో ఏడు మాత్రం పొడుగాటి ఉత్తరం వచ్చింది. ఆమె పళ్లు కొరుకుతూ పైకి చదివింది.

"సదరు ప్రయాణికుడు వట్టి మొండిఘటం. సింహాసనం తెచ్చి వేసినా దాని కోళ్లు లెక్కపెట్టి ఒకటి పొట్టిదనే రకం. ఆయన్ని దారిలో పెట్టడం మావల్ల కాలేదు. మీవల్ల అయితే ఎలాగో తెలియజేయగలరు."

"ఎంత పొగరు చూడండి" అంది ఉల్యానా.

"చెయ్యి తిరిగినవాళ్లు రాశారు" అన్నాడు పెదనాన్న. "సింహాసనం దగ్గర మళ్లీ చదువు."

ఆయన పోయిన నలభయ్యోరోజు భోజనాలకి కాపిటొలీనా వచ్చింది. ఉల్యానా అట్లు వడ్డించింది గానీ ముఖం చూడలేదు.

"ఇప్పుడెందుకొచ్చారు? ఇక్కడినుంచి కూడా లేపడానికా?"

"నేను లేపలేదమ్మా. ఆయనే విమానాశ్రయంలో క్యూ అంతా చూసుకునేవాడు. కాలికి కట్టుతో సైనికుడో, నిండు చూలాలో, ఆపరేషనుకి వెళ్తున్న ముసలమ్మో. ఎక్కగానే నా చెవిలో వరుస, సీటు నంబరు చెప్పి, అప్పుడు గొంతెత్తేవాడు."

"నోరు మూసుకుని ఇవ్వొచ్చుగా?"

"నేనూ అదే అన్నాను. ఊరికే ఇస్తే మొహమాటపడతారు, దారంతా దండాలు పెడతారు, నిద్రపోరు అన్నాడు. తిక్క ముసలాడు అలిగి వదిలేసిన సీటైతే కాళ్లు చాపుకుని పడుకుంటారట. నీకు చెబితే మోకాళ్ల గురించి చీవాట్లు పెడతావని నాచేత ఒట్టు వేయించాడు."

ఉల్యానా గరిటె కింద పెట్టి ఆమె ఎదుట కూర్చుంది. "నా ఫిర్యాదులకి మీరు మాటలు పడ్డారుగా?"

"ఏటా సంజాయిషీ రాయాల్సొచ్చింది. నాకా, రాయడం రాదు. ఐదోసారి ఏం రాయాలో చెప్పమని ఆయన్నే పట్టుకున్నాను. ఆయన చెప్పిందే రాసిచ్చాను, ఆఫీసువాళ్లు దాన్నే టైపు కొట్టించి నీకు పంపేశారు." కాపిటొలీనా అట్టు మడిచి మీగడలో ముంచింది. ఆ ముఖం నవ్వడం ఉల్యానా చూడటం అదే మొదటిసారి. "సింహాసనం మాట దగ్గర నాచేత మళ్లీ మళ్లీ చదివించుకున్నాడు."