పుస్తకంలో లేని దగ్గు

మా ఊరి గ్రంథాలయం గురించి ఈ మధ్య ఒక సంచికలో వ్యాసం వచ్చింది. కొత్త నవలాకారులను చోడవరం ఎలా వెన్నుతట్టి నిలబెట్టిందో అందులో రాశారు. దానికింద ఇంకో వాక్యం ఉంది. అప్పట్లో అచ్చయిన ఒక నవల స్థానిక బెల్లం వర్తకుడి దగ్గును వెక్కిరించి గొడవ తెచ్చిందట. ఇరవై ఏళ్లుగా ఈ మాట వింటూనే ఉన్నాను. విసుగెత్తిపోయింది. ఆ నవలలో దగ్గు లేదు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఒక్క మనిషీ దగ్గడు. దగ్గింది నేను.

అవి పంతొమ్మిది వందల యాభైల నాటి రోజులు. నేను హైస్కూల్లో కొత్తగా చేరిన తెలుగు మాస్టారిని. నాటకాల్లో వేషాలు కట్టినవాణ్ణి కాబట్టి గొంతు బాగుంటుందని పేరు. మా వైపు ఎవరైనా మొదటి నవల అచ్చువేయించుకుంటే గ్రంథాలయం ఒక కాపీ కొని, ఆదివారం మధ్యాహ్నాలు వరండాలో పైకి చదివించేది. కొనలేనివాళ్లు, చదువు రానివాళ్లు వచ్చి కూర్చునేవారు. మా ప్రోత్సాహం అంటే అదే. చదివే పని నాది.

ఆ నవల రాసినవాడు చీడికాడ వైపు చెరకు రైతుల కుర్రవాడు. పాతికేళ్లు కూడా లేవు. ఒకే గానుగ మీద బతికే అన్నదమ్ముల కథ రాశాడు. ఇద్దరి మధ్యా మాటలు పోతాయి, తమ్ముడు వేరే ఊరు వెళ్లిపోతాడు. అయినా గానుగ ఆడే రోజులు రాగానే వచ్చి, అన్నతో పలక్కుండానే బెల్లం పొయ్యి కింద మంట వేస్తాడు. మధ్యలో ఒకచోట తూకంలో మోసం చేసే షావుకారు వస్తాడు. రెండు మూడు పేజీలు ఉంటాడేమో.

మొదటి ఆదివారం నాలుగు పేజీలు కూడా చదవనివ్వలేదు మావాళ్లు.

"ఈ అన్నగోరు ఎవుడు? దేవరాపల్లి రోడ్డులో ఉన్నోడేనా?"

"ఆడు ఒక్కడే కదరా, తమ్ముడు నేడు. ఈడు రోలుగుంటోడు."

"రోలుగుంటోడికి గానుగుందేటి?"

వెనక బెంచీ మీద కూర్చున్న రచయిత లేచి, "ఎవరూ కాదండి, నేనే కల్పించేను" అన్నాడు.

"నువ్వే కల్పించేవు, కాదనలేదు బాబూ. ఎవుణ్ణి సూసి కల్పించేవో అది సెప్పు."

ప్రతి వారం ఇదే వరస. వాళ్లకు కథ అక్కర్లేదు, అందులో ఎవరున్నారో కావాలి. వాళ్ల నోళ్లు మూయించడానికి నేను ఒక్కొక్క పాత్రకూ ఒక్కొక్క గొంతు పెట్టి చదవడం మొదలుపెట్టాను. అన్నకు బొంగురు గొంతు, తమ్ముడికి సన్న గొంతు. షావుకారు వచ్చేసరికి ఏ గొంతూ మిగల్లేదు. మా ఊళ్లో పేరున్న బెల్లం షావుకారు ఒకాయన ఉండేవాడు. తూకం చెప్పేముందు పొడిదగ్గు ఒకటి దగ్గి, ఆ తర్వాతే అంకె చెప్పేవాడు. ఆ దగ్గు తెచ్చి ఇక్కడ పెట్టాను.

వరండా గొల్లుమంది. "దొరికేడురా" అన్నాడెవడో. మరుసటి ఆదివారం జనం రోడ్డు మీద కూడా నిలబడ్డారు. మళ్లీ చదవమని అడిగి మరీ ఆ పేజీలు చదివించుకున్నారు. నేను మళ్లీ దగ్గాను. పుస్తకానికి పేరొస్తోందని నిజంగానే అనుకున్నాను.

అయిపోయాక రచయిత నా దగ్గరకు వచ్చాడు. "మాస్టారూ, దగ్గు నేను రాయలేదండి."

"జనం వింటున్నారు కదా, ఊరుకో" అన్నాను.

ఆ వారమే పిల్లలు షావుకారు కొట్టు ముందు దగ్గి పారిపోవడం మొదలుపెట్టారు. ఆ రచయిత ఇంటి బెల్లం ఏటేటా వచ్చేది ఆ కొట్టుకే. ఆ ఏడు వాళ్ల బండిని దిమ్మలు దించనివ్వకుండానే తిప్పి పంపేశాడు షావుకారు. "మీ గుంటడి పుస్తకంలో కాటా ఉందట, దాని మీద తూయించుకోండి" అన్నాడట. బండి అనకాపల్లి దాకా పోవలసి వచ్చింది. ఇంకోసారి కలం పడితే ఇంట్లో ఉండొద్దని తండ్రి కొడుక్కి చెప్పేశాడు. రెండో నవల అప్పటికే సగం అయిందట. ఊళ్లో అందరూ ఆ కుర్రవాడికి పొగరన్నారు. నేను ఒక్క మాట చెబితే పోయేది. చెప్పలేదు. గొడవ దానంతట అదే చల్లారుతుందనుకున్నాను.

చివరికి షావుకారే గ్రంథాలయానికి వచ్చాడు. పుస్తకం ఇంటికి ఇస్తామంటే వద్దన్నాడు. అందరూ చూసే వరండా బెంచీ మీదే కూర్చుని, వాక్యం కింద వేలు పెట్టుకుని, రోజుకు కొంత చొప్పున చదివాడు. పూర్తయ్యాక నేరుగా మా స్కూలుకే వచ్చాడు.

"మేస్టారూ, ఇందులో దగ్గు ఏదండి?"

నేను బల్ల మీది సుద్దముక్కలు సర్దసాగాను.

"రెండుసార్లు సదివేను. తూకంలో మోసం సేసినోడున్నాడు. నోకంలో అలాటోళ్లున్నారు, రాయనీండి. దగ్గు మటుకు నేదు."

"అది చదవడంలో వచ్చిందండి" అన్నాను.

"ఓహో. సదవడంలో ఒచ్చిందా." ఒకసారి దగ్గాడు. నిజంగా దగ్గు వచ్చే దగ్గాడో, నాకోసం దగ్గాడో ఇప్పటికీ తెలీదు. "ఆ కుర్రోడికి మీరే ఎల్లి సెప్పండి, బండి ఇటే తోలమని. ఆ పుస్తకంలో తమ్ముడు మంచోడండి. అన్న మీద కోపం గానీ, పాకం మీద కోపమేటి?"

మర్నాడు బస్సు దిగి, చెరకు తోటల గట్ల మీద నడిచి వాళ్ల గానుగ దగ్గరకు వెళ్లాను. రచయిత చెరకురసం కాగే పెద్ద పెనం మీద నురుగు తీస్తున్నాడు. చెప్పవలసినదంతా చెప్పాను. తప్పు నాదేనన్నాను. గరిటె ఆపకుండానే విన్నాడు.

"సరేనండి. పుస్తకం ఎలా ఉంది?"

"బాగుంది."

"ఏటి బాగుంది?"

నాకు చిరాకేసింది. చెప్పవలసింది చెప్పాక ఇంకా ఈ పరీక్ష ఏమిటనుకున్నాను. అతను వదల్లేదు. "అన్నతో మాటల్లేని తమ్ముడు మళ్లీ పొయ్యి దగ్గరికి ఎందుకొచ్చేడో సెప్పండి, సాలు."

ఆ పుస్తకం ప్రతి అక్షరం పైకి చదివినవాణ్ణి నేను. తమ్ముడికి ఏ గొంతు పెట్టానో గుర్తుంది. ఎందుకు వచ్చాడో ఒక్కసారీ ఆలోచించలేదు. షావుకారి మాటను నాదిగా చెప్పేద్దామని నాలుక చివరి దాకా వచ్చింది.

"నాకు తెలీదు" అన్నాను. "షావుకారు మాత్రం, కోపం అన్న మీదే గాని పాకం మీద కాదన్నాడు."

గరిటె ఆగింది. "ఆయన సదివేరా?"

"రెండుసార్లు."

"రెండుసార్లు" అని తనలో తాను అనుకున్నాడు. నురుగు పొంగి పెనం అంచుకు వచ్చింది. "ఒరే, ఎక్కడ సూస్తన్నావు?" అని తండ్రి అటునుంచి కేక వేస్తే గాని అతను కదల్లేదు.

బండి మళ్లీ చోడవరం వచ్చింది. దగ్గు సంగతి షావుకారు ఎవరికీ చెప్పలేదు, నా పరువు కోసమే కావచ్చు. నేనూ చెప్పలేదు. అందుకే అది ఆ పుస్తకానికి అంటుకుని ఇన్నేళ్లు ఉండిపోయింది. ఇప్పుడు వ్యాసంలోకి కూడా ఎక్కింది. అది రాసిన పెద్దమనిషి గ్రంథాలయంలో ఉన్న కాపీని ఒక్కసారి తెరిచి చూస్తే సరిపోయేది.

రెండో నవల పూర్తయిందని, షావుకారు దాన్ని కొట్లో కూర్చుని చదివాడని తర్వాత విన్నాను. అది అచ్చుకు పోలేదు, మా వరండాకూ రాలేదు. ఒకసారి చూపించమని అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.