సీలు విప్పిన సూపర్‌హీరో

ఆ రోజుల్లో సరుకు గురించి నాకు తెలిసిన నీతి ఒక్కటే: విప్పి చూపించాలి. చిన్నప్పుడు మా నాన్న నన్ను గుంటూరు మిర్చి యార్డుకి వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. కొనేవాళ్ళు బస్తా మూతి విప్పించి, మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి గుప్పెడు కాయలు పైకి లాగి, ఒకటి విరిచి వాసన చూసి (గట్టిగా తుమ్మి) అప్పుడు రేటు చెప్పేవాళ్ళు. కుట్టు విప్పనివ్వని రైతుని అందరూ అదోలా చూసేవాళ్ళు. ఆ చదువుకి బళ్ళో చదివిన ఏడో తరగతిని తోడు పెట్టుకుని, నేను చిలకలూరిపేటకి కాపురానికి వచ్చాను.

మా ఆయన పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేసేవారు. మనిషి బంగారమే, పిచ్చి మాత్రం ఒక్కటుండేది: అమెరికా బొమ్మల పుస్తకాలు. ఎప్పుడో మిషన్ ఆసుపత్రి దొరల పిల్లలు చదివి వదిలేసినవి గుంటూరు బ్రాడీపేటలో పాత పుస్తకాల కొట్టుకి చేరితే, చదువుకునే రోజుల్లో టిఫిన్ మానేసి మరీ కొన్నారట. అన్నింటిలోనూ ఒంటికి అతుక్కున్న బట్టలేసుకుని ఆకాశంలో ఎగిరే మనుషులే. వాటిలో మడత పడనివి ఏరి, హైదరాబాదు స్నేహితుడి ద్వారా అమెరికా పంపితే, అక్కడివాళ్ళు పదికి ఇన్ని అని మార్కులేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, సీలు వేసి వెనక్కి పంపేవాళ్ళు. ఒకదానికి ఎనిమిది వచ్చాయి. (నాకు ఏ పరీక్షలోనూ అన్ని రాలేదు. అందుకని ఆ పుస్తకమంటే నాకు కాస్త గౌరవం.)

మా అత్తయ్యకి మాత్రం అవి పప్పు డబ్బాల అలమారని ఆక్రమించిన దొంగలు. "ఒరేయ్, ఎగిరేవాళ్ళకి అలమార ఎందుకురా? ఎగరమను!" అనేది. చివరికి ఒకరోజు తేల్చేసింది. "ఈ ఆదివారం లోపల ఒక్కటి అమ్మి చూపించు. లేకపోతే అన్నీ పాత పేపర్లవాడి తక్కెట్లోకే!" అన్న మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. మా ఆయన రెండు రోజులు ఫోను పట్టుకుని, ఆ పిచ్చి ఉన్నవాళ్ళ గ్రూపులో అందరినీ అడిగి, చీమకుర్తిలో గ్రానైట్ కోత యూనిట్ ఉన్న ఒకాయన్ని పట్టారు. ఎనిమిది మార్కుల పుస్తకం చూసి తీసుకుంటానని, ఆదివారం వస్తానని అన్నాడాయన.

ఆదివారం మా ఆయన హైవే దాకా ఎదురెళ్ళారు. వెళుతూ, "జాగ్రత్తగా తీసి బల్లమీద పెట్టు" అన్నారు. నేను పెట్టాను. పెట్టి చూస్తే నాకే మనసొప్పలేదు. అంత దూరం నుంచి వచ్చే మనిషి ప్లాస్టిక్ మీద చెయ్యి రాసుకుని పోవాలా? అత్తయ్యని అడిగాను.

"లోపల తడుందో తాలుందో చూడకుండా ఎవడు కొంటాడే? విప్పు!" అంది.

కుట్టుమిషను స్క్రూడ్రైవర్ మూలన దూర్చి తిప్పాను. టప్‌మని పెట్టె విచ్చుకుంది. లోపలి పల్చటి కవరు కత్తిరించాను. స్టీలు పళ్ళెం తుడిచి, పుస్తకం అందులో తెరిచి పెట్టాను. పసుపు కుంకుమకి పనికొస్తుందని ఆ ప్లాస్టిక్ పెట్టెని కడిగి ఎండలో పెట్టాను కూడా.

ఇద్దరూ లోపలికి వచ్చారు. మా ఆయన పళ్ళెం వైపు చూసి, గుమ్మం పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చున్నారు.

"ఇది... ఎవరు విప్పారండీ?" అన్నాడు చీమకుర్తి ఆయన.

"నేనేనండి," అన్నాను మెచ్చుకుంటాడని. "చూసుకోండి. తడి లేదు, తాలు లేదు, అడుగున ఒకటి పైన ఒకటి అసలే లేదు."

ఆయన ఏడవలేక నవ్వాడు. "సీలు తీస్తే మార్కులు పోతాయమ్మా. పుస్తకం మళ్ళీ అమెరికా వెళ్ళి రావాలి. ఇలా నేను తీసుకోలేను."

సరిగ్గా అప్పుడే వీధి చివర పాత పేపర్లవాడి కేక. మా ఆయన అలమార వైపు చూసిన చూపు నేనింకా మరిచిపోలేదు.

అత్తయ్య మాత్రం తగ్గలేదు. "ఏవయ్యా, మీ ఇంట్లో ఇవి గదినిండా ఉన్నాయంటగా, ఒక్కదాన్లోనన్నా ఏవుందో చూశావా?"

"సీలు వేశాక ఎలా చూస్తాం పిన్నిగారూ?" అని, ఆయన పళ్ళెం మీదకి వంగాడు. పాత కాగితం వాసన గట్టిగా పీల్చాడు. "చేతులు కడుక్కోవచ్చా?" అన్నాడు. కడుక్కుని, తుడుచుకుని, చాపమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని మొదటి పేజీ తిప్పాడు.

"ఏవుంది?" అంది అత్తయ్య. ఆయన తెలుగులో చెప్పడం మొదలుపెట్టాడు. మా ఆయన గుమ్మం దగ్గర నుంచి దేకుతూ చాప మీదికి వచ్చారు.

"మెడకి ఆ తుండుగుడ్డెందుకు?"

"తుండు కాదు పిన్నిగారూ, ఎగరడానికి."

"కాకికుందా తుండు?"

కథ మంచి రసకందాయంలో పడింది. దుర్మార్గుడు వంతెన కూల్చాడు, దానిమీద పిల్లల బస్సు ఉంది, మన ఎగిరేవాడు నదిలో కొట్టుకుపోతున్నాడు. అక్కడ అయిపోయింది. మిగతా కథ తర్వాతి పుస్తకంలోనట.

"అదెక్కడుంది?" అంది అత్తయ్య, ముందుకు జరిగి.

"అలమారలో," అన్నారు మా ఆయన భయంభయంగా. "సీలులో."

పాత పేపర్లవాడు మా గుమ్మం ముందుకొచ్చి మళ్ళీ కేకేశాడు. అత్తయ్య కిటికీలోంచి, "మా ఇంట్లో ఏవీ లేవు, పో నాయనా!" అని కసిరి, నా వైపు తిరిగింది. "అమ్మాయ్, ఆ స్క్రూడ్రైవర్ ఇటు తే!"

మా ఆయన రెండు చేతులూ చాపి అలమారకి అడ్డంగా నిలబడ్డారు. చివరికి చీమకుర్తి ఆయనే కాపాడాడు. "ఆగండి పిన్నిగారూ! ఆ తర్వాతి పుస్తకమే, అట్ట చిరిగింది, మార్కుల్లేనిది నా దగ్గరొకటుంది. వచ్చే ఆదివారం తెచ్చి మిగతా కథ చెబుతా." అన్నట్టే తెచ్చాడు. బస్సులో పిల్లలు క్షేమం. అలమారా క్షేమం. పప్పు డబ్బాలే వంటింటి అటక ఎక్కాయి.

ఇప్పుడు మా ఆయన వాటిని బాగానే అమ్ముతున్నారు. ప్యాకింగంతా నాదే. ఏది ఎంత పలుకుతుందో నాకూ తెలుసు. సీలు పెట్టెని పసిబిడ్డని ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తుతాను, కొంగు కూడా తగలనివ్వను. ఎన్నో వచ్చాయి, ఎన్నో పోయాయి, ఒక్కదానిలోనూ లోపల ఏం జరిగిందో నాకు తెలియదు. తెలివొచ్చింది మరి. ఒక్కోసారి మాత్రం, ఏమీ తెలియని అప్పటి ఆ కొత్తకోడలు, చేతిలో స్క్రూడ్రైవర్‌తో, ఒక్క మధ్యాహ్నం మా ఇంటికి చుట్టంచూపుగా వస్తే బాగుండుననిపిస్తుంది.