అర్ధవీడు కల్లులో నా ఆవిష్కరణ

ఆ రోజుల్లో నేను దేన్నీ ఊరికే నమ్మేదాన్ని కాదు. పెళ్లికి పోతే ముహూర్తం మీద, బస్సెక్కితే పక్క సీటామె తాయెత్తు మీద వాదం పెట్టుకునేదాన్ని. అటువంటి నేను ఒక్క సంగతి మాత్రం కళ్లు మూసుకుని నమ్మాను: నల్లమల పక్కన ఈతచెట్టు నుంచి దిగిన కల్లులో మనిషి చెయ్యి తగలని ఈస్టు ఉంటుందని. (స్వచ్ఛత అనే మాట వింటే కొట్టడానికి లేచేదీ నేనే.)

హైదరాబాదులో పరిశోధనకు చేరిన కొత్త. ఈస్టు కణంలో పదహారు క్రోమోజోములు. వాటి డీఎన్ఏ అక్షరాలన్నీ చదివి, ఏ ఊరి ఈస్టు ఏ ఊరిదానికి చుట్టమో తేల్చడం నా పని. వచ్చే సెమినారులో చెప్పుకోదగిందేదీ చూపించకపోతే ఆ అంశం నా దగ్గర్నుంచి తీసేస్తానని మా గైడు మేడం ముందే చెప్పేసింది. అందుకే మార్కాపురంలో దిగి, నల్లమల అంచునున్న అర్ధవీడు పోయాను. అక్కడ మా చిన్నమ్మ (అమ్మకు సొంత చెల్లెలు) ఉంది. చిన్నాయన ఈతచెట్లు గీస్తాడు. మరునాడు బయలుదేరుతుంటే చిన్నమ్మ స్టీలు క్యాను చేతిలో పెట్టి, "పదిలం పాపా, బాగ పొంగుతుండాది," అంది. మూత కింద నురగ గుసగుసలాడుతుంటే బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. కిటికీలో కొండలు నీలంగా కరిగిపోతున్నాయి. ఎప్పుడో ఏ పక్షి రెక్క మీదనో ఈ ఈస్టు ఆ చెట్టుకు చేరి ఉంటుందని కలగంటూ, దానికి 'అర్ధవీడు-ఒకటి' అని పేరు కూడా పెట్టేశాను. ల్యాబుకు చేరిన రోజే క్యాంటీన్లో అందరికీ ఆ పేరు చెప్పేశాను.

ఆ డీఎన్ఏ అక్షరాలు ఒక్కోటి ఒక్కో రంగులో తెరమీదికి వచ్చిన రోజు నాలుగు రంగుల వాన కురిసినట్టుంది. ఆ వానలో మధ్యాహ్నమంతా తడిసి, చివరికి కంప్యూటరు ప్రోగ్రాముతో ఈస్టుల వంశవృక్షం గీయించాను. ఎక్కడో అంచున ఒంటరి కొమ్మ మీద కనిపించాల్సిన నా అడవిపిల్ల, బేకరీ ఈస్టుల గుంపు నడుమ కాళ్లు చాపుకుని కూర్చుంది! యంత్రాన్ని అనుమానించాను. ప్రోగ్రామును తిట్టాను. మూడుసార్లు మళ్లీ చేశాను. కదలదే! "అందరినీ అనుమానించావు. కల్లు ఇచ్చినామెను అడిగావా?" అంది మేడం. వెంటనే ఫోను చేశాను.

"చిన్నమ్మా, ఆ కల్లులో ఏమన్నా కలిపినావా?"

"కలపక? ఆ పొద్దు దిగిన కల్లు చప్పగ ఉండె, నురగే లేదు. నీకు పొంగేదే గదా కావాల్సింది! మీ చిన్నాయన్ను కంభం తోలి, బేకరీలో ఈస్టు పొట్లం తెప్పించి ఏసినా."

"నాకు చెప్పొద్దా?"

"అడిగితే గదా చెప్పేది! గుడికాడ పూజారిని గంటసేపు అడిగితివే, టెంకాయెందుకు, గంటెందుకు అని. నన్ను ఒక్కమాట అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

సెమినారులో లేచి, పొట్లంతో సహా అంతా చెప్పేశాను. నవ్వులు ఆగాక మేడం నెమ్మదిగా అంది: "పొట్లం సంగతి ఎవరూ చెప్పకముందే నీ లెక్క దాన్ని పట్టుకుంది. చదవడం వచ్చింది నీకు. అడగడం నేర్చుకో. అంశం నీదే."

ఆ సంబరంలో చిన్నమ్మకు మళ్లీ ఫోను చేశాను. "అయితే నా ఈస్టు పనికొచ్చినట్టే గదా పాపా!" అంది. అంతే, నాకు పూనకం వచ్చింది. నమూనా అంటే ఏమిటో, దాంట్లో చిటికెడు వేరేది పడితే సత్యం ఎలా మైలపడుతుందో (అవును, మైల అనే అన్నాను) అరగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆమె ఊఁ కొట్టడం ఎప్పుడు ఆపిందో గమనించనేలేదు. ఫోను మంచం మీద పెట్టేసి, బర్రెకు కుడితి పెట్టడానికి పోయిందట.

అప్పటి నేను, ఆ పిల్ల, ఇప్పుడు గుర్తొస్తే కోపం రాదు. ఎవరూ లేని పంచలో, ఎండవేళ, నులకమంచం మీది ఫోనులో చిన్న గొంతు ఒకటి ఆవేశంగా మాట్లాడుతూనే ఉంటుంది.