ఫ్యానులో పేరుకున్న ఎరుపు

మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టు వాళ్లు వాడేసి, పక్కన పడేసిన లాప్‌టాప్‌ను కొనుక్కున్నాను. చూడ్డానికి బాగానే ఉంది. కానీ ఆన్ చేసిన కాసేపటికే టప్పున ఆగిపోయేది. ఛార్జర్ మార్చాను. బ్యాటరీ తీసేసి నేరుగా కరెంటు మీద నడిపాను. ర్యామ్ ఊడదీసి, రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాను. అయినా అదే వరస. ఒళ్లు మండి, అమ్మిన గుమాస్తాను నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

చివరికి అడుగున చెయ్యి పెడితే పెనంలా కాలింది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడే లేదు. మరలు విప్పి చూస్తే రెక్కల మధ్య ఎర్రటి దుమ్ము మెత్తలా పేరుకుపోయి ఉంది. గుంటూరులో పుట్టి పెరిగి కూడా, అదేమిటో ఆలోచించకుండా పొయ్యి ఊదినట్టు నోటితో గట్టిగా ఊదాను.

కళ్లు భగ్గుమన్నాయి. తుమ్ము మీద తుమ్ము.

“ఏందే ఆ తుమ్ములు?” అంటూ అమ్మ వచ్చింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అమ్మ ఎండాకాలమంతా ఆ యార్డు పక్క గోదాముల్లో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తోంది. లాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని, పైట చెంగుతో ఆ దుమ్మంతా నిదానంగా తుడిచింది. ఒక్కసారి కూడా తుమ్మలేదు.

“నీకు ఘాటు తగలట్లేదా అమ్మా?”

“నాకింకా ఎక్కడ తెలుస్తుందే,” అంది. చెంగుకంటిన ఎరుపు వైపు చూసి, నిజంగానే ఆశ్చర్యపోతూ అడిగింది:

“ఈ కాస్తకే ఆగిపోయిందా ఇది?”